తెరెన్-సాయ్‌లో పద్నాలుగో ఇల్లు

సంచి నేనే సర్దాను. అడుగున ఉన్ని మేజోళ్ళు ఒక జత, వాటి మీద గుడ్డలో చుట్టిన రొట్టె, ఎండబెట్టిన పెరుగు ఉండలు నాలుగు, వేడి టీ పోసిన ఫ్లాస్కు. ఆ పైన నా కూతురు తుర్సునాయ్ తన సామాను పెట్టుకుంది. ఇటుకంత బరువున్న బ్యాటరీ, వైర్ల చుట్ట, వేలితో రాసే పలక లాంటి తెర. నేను పెట్టినవాటిలో సగం తీసి బల్ల మీద పెట్టేసింది. ఆమె అటు తిరగగానే మేజోళ్ళు మళ్ళీ లోపలికి తోశాను.

"చూస్తున్నాను అపా," అంది వెనక్కి తిరక్కుండానే. మాలో అమ్మనీ, పెద్ద ఆడవాళ్ళనీ అపా అంటారు. "నేను కొండలు దాటడం లేదు. మన సందుల్లోనే తిరుగుతాను."

"సందుల్లో చలి ఉండదా?"

"ఉంటుంది. చలికి ముందు చచ్చేవి ఫోన్లు. వాటికి తొడిగావుగా, చాలు."

నిజమే, తొడిగాను. గొర్రె ఉన్నిని తొక్కి మందంగా చేసిన నమదా ముక్కలు కత్తిరించి మూడు ఫోన్లకీ మూడు తొడుగులు కుట్టాను. ఎర్ర దారం ఒకదానికి, తెల్ల దారం ఒకదానికి, నల్ల దారం ఒకదానికి. తుర్సునాయ్ తన చొక్కా మీద వేసుకునే జేబుల కోటులో ఛాతీకి అడ్డంగా ఆ మూడింటినీ నిలబెట్టి పెట్టుకుంది. ఆదివారం పొద్దున ఎనిమిదింపావు అయింది. రోడ్డు దాకా వెంట వెళ్ళాను. నా భర్త గని లారీ తోలడానికి వెళ్ళిన చివరి రోజున నేను పిండి చేతులతో ఉండి గుమ్మం దాకా కూడా రాలేదు. ఆ తర్వాత మా ఇంట్లోంచి ఎవరు బయలుదేరినా రోడ్డు దాకా పోతాను.

తుర్సునాయ్ అంటే నిలిచి ఉండు అని. ఆమెకి ముందు పుట్టిన ఇద్దరూ నెలల పిల్లలప్పుడే పోయారు. బిడ్డలు దక్కని ఇంట్లో తర్వాత పుట్టినవాళ్ళకి మావాళ్ళు అలాంటి పేరు పెడతారు. రోజుకి నలభై సార్లు పిలుస్తాం కనుక నలభై సార్లు చెప్పినట్టవుతుందని నమ్మకం. నేను అంతకన్నా ఎక్కువసార్లే పిలిచాను.

ఆమె ఉద్యోగం బిష్కెక్ నగరంలో ఫోన్లు ఎలా పలుకుతున్నాయో కొలవడం. ఊళ్ళో ఫోను కంపెనీలు మూడు. మూడు కంపెనీల ఫోన్లనీ ఒకే కారులో పెట్టుకుని ఒకే దారిలో తిప్పుతారు. ప్రతి రెండు నిమిషాలకీ మూడూ ఒకేసారి ఒక నంబరుకి ఫోను చేస్తాయి. అవతల మనిషి ఉండడు, యంత్రం ఉంటుంది. ఒక మగ గొంతు, ఒక ఆడ గొంతు ముందే పట్టి ఉంచిన నాలుగు వాక్యాలు చదువుతాయి. ఆ గొంతులు ఇవతలికి ఎంత చెడిపోయి వచ్చాయో చూసి యంత్రమే ఒకటి నుంచి అయిదు దాకా మార్కులేస్తుంది. కలిసిందా, కలవలేదా, మధ్యలో తెగిందా అన్నది ఎక్కడికక్కడ పటం మీద చుక్కగా పడుతుంది. బాగుంటే పచ్చ, లేకపోతే ఎరుపు. మూడు నెలలకోసారి ఆ చుక్కలన్నీ కూడి ఏ కంపెనీ ముందుందో, ఏది వెనకుందో పట్టిక వేసి సర్కారు ఆఫీసుకి ఇస్తారు.

కారులో కంపెనీల పేర్లు పలకకూడదని వాళ్ళ నియమం. పేరు పలికితే మనసు ఒకవైపు మొగ్గుతుందట. అందుకని కారు నడిపే షార్షెన్ మూడింటికీ పశువుల పేర్లు పెట్టాడు. గుర్రం, ఒంటె, గొర్రె. ఆ పేర్లు నాకూ అలవాటయ్యాయి. సాయంత్రం తుర్సునాయ్ ఇంటికి రాగానే, ఇవాళ ఏది కుంటింది అని అడిగేదాన్ని. బజారు దగ్గర గొర్రె కుంటింది, స్టేషను దగ్గర మూడూ బాగానే నడిచాయి అని చెప్పేది.

మేం ఉండేది తెరెన్-సాయ్‌లో. ఊరికి దక్షిణాన, కొండలు మొదలయ్యే చోట, రెండు గట్ల మధ్య లోతు. నూట అరవై మట్టి ఇళ్ళు. మా ముందున్నవాళ్ళు కట్టుకున్నారు, మేమూ కట్టుకున్నాం, ఎవరి దగ్గరా పత్రాలు లేవు. కరెంటు ఒకరి నుంచి ఒకరం లాక్కున్నాం. ఫోను మాత్రం లాక్కునేది కాదు. మాట్లాడాలంటే గట్టెక్కి రోడ్డు మీదికి పోవాలి. శీతాకాలంలో ఆ రోడ్డు మీద నిలబడితే కింద నగరం ఉండదు, బొగ్గు పొగ మూత వేసినట్టు ఉంటుంది.

తుర్సునాయ్‌కి ఒక కొడుకు. ఎల్దియార్. వాడి తండ్రి రష్యాకి కూలికి పోయి అక్కడే ఇంకో ఇల్లు పెట్టుకున్నాడు. అంతకు ముందు ఏడు జనవరిలో ఒక సాయంత్రం వాడికి జ్వరం ఎక్కి కళ్ళు తేలేశాడు. అయిదేళ్ళవాడు. తుర్సునాయ్ అంబులెన్సుకి ముందు ఇంట్లోంచి చేసింది, తర్వాత పెరట్లోంచి, తర్వాత నిచ్చెన వేసుకుని పశువుల పాక మీదికెక్కి చేసింది. పదకొండు సార్లు. ఒక్కటీ కలవలేదు. వాణ్ణి దుప్పటిలో చుట్టి మంచులో గట్టు మీదికి పరుగెత్తింది. అక్కడ మొదటిసారికే కలిసింది. అంబులెన్సు కూడా ఆలస్యం చెయ్యలేదు. వచ్చిన డాక్టరమ్మ దుప్పటి తెరిచి చూసి మళ్ళీ కప్పేసింది.

నలభయ్యో రోజు అయ్యాక తుర్సునాయ్ నాతో ఒక మాట చెప్పింది. అప్పటిదాకా ఏడ్చిందే గాని మాట్లాడలేదు.

"అపా, ఆ పదకొండు పిలుపులూ ఎక్కడా లేవు. అడిగి చూశాను. కలవని పిలుపు కంపెనీ దాకా చేరదు. చేరనిది వాళ్ళ లెక్కలో ఉండదు. వాళ్ళ లెక్క ప్రకారం ఆ రోజు తెరెన్-సాయ్ నుంచి ఎవరూ ఫోను చెయ్యలేదు."

నేను నాలుగో తరగతి వరకే చదివాను. తర్వాత దొరికిన పుస్తకమల్లా చదివాను, మందు సీసాల మీది కాగితాలు కూడా చదివాను. కానీ ఇంత చెడ్డ మాట ఎందులోనూ చదవలేదు.

ఇంకా విడ్డూరమేమిటంటే పటంలో మా పేట పచ్చగా ఉండేది. కొలిచే కారు గట్టు మీది తారురోడ్డు మీదే పోతుంది. యాంటెన్నా కారు కప్పు మీద ఉంటుంది. లోయలోకి దిగడానికి బండి దారి లేదు. పైనుంచి పోతూ కొలిచిన పచ్చ చుక్కలు పటం మీద మా ఇళ్ళ పక్కనే పడేవి. షార్షెన్ మా ఇంటికి టీ తాగడానికి వచ్చినప్పుడల్లా దాని మీద ఏదో ఒకటి అనేవాడు.

"అపా, పటంలో మీ లోయ చూస్తే వేసవి మేత బయలులా ఉంది. మందని తోలుకురండి."

"నీ గొర్రెని, ఒంటెని ముందు లోపలికి తోలు," అన్నాను.

"అవి రావు. మీ కూతురు కర్ర పట్టుకుని తోలినా రావు. పచ్చగా ఉన్నచోట మేత లేదని వాటికీ తెలిసిపోయింది."

తుర్సునాయ్ నవ్వలేదు. "బైకే, మళ్ళీ ఆ మాట అనకు," అంది. బైకే అంటే మాలో అన్న. ఆయన టీ గిన్నె కింద పెట్టి, తప్పయింది చెల్లీ అన్నాడు. అప్పట్నించి అనలేదు.

వాళ్ళ ఆఫీసులో పెద్ద మెలిస్ ఒరొజోవిచ్ చెడ్డవాడు కాదు. ఎల్దియార్ పోయినప్పుడు వచ్చి కూర్చున్నాడు. తుర్సునాయ్ ఏడాది పొడుగునా ఆయన చుట్టూ తిరిగింది. స్టాంపు వేసిన దారుల జాబితాలో తెరెన్-సాయ్ లేదు, లేని చోట కొలిస్తే చెల్లదు అని ఆయన చెప్పేవాడు. చివరికి నియమాల పుస్తకంలో ఆమే ఒక దారి వెతికి పట్టుకుంది. కారు పోలేని చోట నడిచి కొలవొచ్చు. అయితే ఇరవై ఇళ్ళు కావాలి. ప్రతి ఇంటి లోపలా పది నిమిషాలు కదలకుండా ఉండాలి. మూడు ఫోన్లూ ఒకేసారి పిలుస్తూ ఉండాలి. ఇరవయ్యూ ఒకే రోజున, ఆపకుండా, ఒకే దస్త్రంగా రావాలి. ముగించాక అక్కడే, అదే రోజు, కొలిచినవాళ్ళు తెర మీద సంతకం పెట్టాలి. అలా అయితే నివేదిక చివర కలుపుతారు. కలిపితే సర్కారు ఆఫీసు మూడు కంపెనీలనీ సంజాయిషీ అడగక తప్పదు. అప్పుడు గట్టు వాలులో ఫోను స్తంభం పడుతుందని తుర్సునాయ్ ఆశ. మెలిస్ ఒరొజోవిచ్ సరే అన్నాడు, కానీ సెలవు రోజున, సొంత కాళ్ళతో, ఫిబ్రవరి నెలాఖరు లోపల అన్నాడు.

మొదటిసారి జనవరి చివరి ఆదివారం బయలుదేరింది. ఆ రోజు పాడుచేసింది నేను.

మధ్యాహ్నం రెండింటికి మంచు పడటం మొదలైంది. ఆమె ఎక్కడుందో తెలీదు. కిటికీ దగ్గర నిలబడితే జారి పడిపోయినట్టు, కాలు విరిగినట్టు, ఎవరో కుక్కల్ని వదిలినట్టు అన్నీ కనిపించాయి. నా ఫోను పట్టుకుని గట్టెక్కాను. తుర్సునాయ్ తొడుగు లోపల రాసి పెట్టుకున్న ఒంటె నంబరు నాకు గుర్తుంది. చేశాను. ఆ సమయానికి ఆమె పై సందులో పదకొండో ఇంట్లో ఉంది. ఆ ఒక్క సందులో గాలివాటానికి కాస్త సిగ్నలు తగులుతుంది. కలిసింది.

కొలత సాగుతుండగా బయటినుంచి ఫోను వస్తే వరస తెగిపోతుంది. వరస తెగితే దస్త్రం మొత్తం పోతుంది. పదకొండు ఇళ్ళూ పోయాయి.

ఇంటికొచ్చి సంచి నేల మీద పెట్టి చాలాసేపు బూట్లు విప్పకుండా కూర్చుంది. అరిచినా బాగుండేది.

"ఏమైందని చేశావు?"

"ఏమీ కాలేదు. నీకేమైనా అయిందేమోనని."

"నాకు కావలసింది అప్పుడే అయిపోయింది అపా. ఇంకేం కాదు. నేను పని చేసుకుంటుంటే నన్ను పిలవకు, నా కోసం రాకు. నేనే వస్తాను."

బల్ల మీద రొట్టె ఉంది. దాని మీద చెయ్యి పెట్టి ఒట్టేశాను. మాలో రొట్టె మీద ఒట్టు తప్పినవాళ్ళు ఉండరు. ఆమె నా చేతిని తీసి తన చెంపకి ఆనించుకుని, పిండి వాసనొస్తోంది అంది.

తర్వాతి ఆదివారం ఆమెకి జలుబు చేసి గొంతు పోయింది. ఆ పై ఆదివారం ఫిబ్రవరి పన్నెండు. ఆ రోజు తప్పితే ఇంక రెండే మిగులుతాయి.

వెళ్ళనన్నాను, పిలవనన్నాను. కానీ ఏదో ఒకటి చెయ్యకుండా ఉండటం నాకు చేతకాదు. శనివారం బాల్చీ నిండా బొగ్గు మోసుకుని సాయ్కల్ ఇంటికి పోయాను, మళ్ళీ వచ్చి ఇంకో బాల్చీ. సాయ్కల్, నేను ఒకప్పుడు ఒకే నూలు మిల్లులో పనిచేశాం. నాకన్నా ఎనిమిదేళ్ళు పెద్దది. లోయకి అట్టడుగున ఒంటరిగా ఉంటుంది. నాసిరకం బొగ్గు పొడి కొనుక్కుని పొదుపుగా కాల్చుకుంటుంది, ఇల్లు ఎప్పుడూ చల్లగానే ఉంటుంది. రేపు మధ్యాహ్నం నా కూతురు నీ దగ్గరికి వస్తుంది, పొద్దుటినుంచి మంచులో తిరిగి వస్తుంది, ఇల్లు వెచ్చగా ఉంచు అని చెప్పాను.

"రెండు బాల్చీల గడ్డ బొగ్గు," అంది సాయ్కల్, వంగి ఒక గడ్డ తీసి వెలుతురులో తిప్పి చూస్తూ. "నాకు పెళ్ళి సంబంధం తెచ్చావేమోననుకున్నాను."

"నిన్నెవరు చేసుకుంటారే."

"చేసుకోకపోతే పీడాపోయె. ఎంతసేపు ఉంటుంది నీ పిల్ల?"

పది నిమిషాలు అన్నాను.

"పది నిమిషాలకి నా ఇంట్లో బూట్లు విప్పడం కూడా కాదు. తినకుండా పంపను. రానీ, ఇంటిని ఆవిరి స్నానాల గది చేసి పెడతాను."

ఆ రాత్రి భోజనాల దగ్గర తుర్సునాయ్‌తో చెప్పాను. రేపు సాయ్కల్ దగ్గర కూర్చో, నిలబడి కాదు, కూర్చుని టీ తాగు, కాళ్ళు వెచ్చబడేదాకా లేవకు అన్నాను. లెక్క చూసి, పద్నాలుగో ఇల్లు అదే, అప్పటికి రెండవుతుంది, సరే అక్కడే తింటానులే అంది. మాట ఇవ్వు అన్నాను. ఇచ్చింది.

ఆదివారం పొద్దున ఆమెను రోడ్డు మీద వదిలి ఇంటికొచ్చాను. పదకొండింటికి కిటికీలోంచి ఒకసారి కనిపించింది. కింద రెండు ఇళ్ళ మధ్య మంచులో, గుడ్లు మోస్తున్నదానిలా చేతులు ఒంటికి దూరంగా పెట్టి నడుస్తోంది. ఫోన్ల మీద చెయ్యి పడితే సిగ్నలు తగ్గుతుందని అలా నడుస్తారు. నేను చెయ్యి ఊపాను. ఆమె చూడలేదు.

రెండయింది. ఇప్పుడు సాయ్కల్ దగ్గర ఉంటుంది అనుకున్నాను. ఆ రోజంతటిలో నా మనసు కుదుటపడ్డది ఆ ఒక్క సమయంలోనే. పొయ్యి మీద సూపు పెట్టాను. తుర్సునాయ్ చిన్నప్పుడు ఇష్టంగా తిన్నట్టు నూడిల్స్ సన్నగా తరిగాను.

నాలుగైంది. చివరి ఇళ్ళు పైన మా సందులోనే. ఇరవయ్యోది మాకు ఎదురుగా, మూడు గుమ్మాల అవతల. నాలుగున్నరకి ఆ గుమ్మంలోకి ఆమె వస్తే కిటికీలోంచి కనిపించాలి. రాలేదు. పాతవి ఏవైనా మళ్ళీ కొలుస్తోందేమో అనుకున్నాను. అయిదయింది. కోటు వేసుకున్నాను. మళ్ళీ విప్పాను. రొట్టె బల్ల మీద గుడ్డ కింద ఉంది. నేను వెళ్ళి ఏ ఇంట్లోనో అడ్డం పడితే, పంతొమ్మిది ఇళ్ళు పూర్తయి ఒక్కటి మిగిలి ఉంటే, అది కూడా నా వల్ల పోతే, ఆమె మళ్ళీ బూట్లు విప్పకుండా అలా కూర్చుంటుంది. ఆ కూర్చోవడం నేను చూడలేను. ఆగాను.

ఆరుకి పొద్దు గుంకుతుండగా బయలుదేరాను.

ఇరవయ్యో ఇంట్లో అడిగాను. మీ అమ్మాయి కోసమే కాచుకున్నాం, రాలేదు అన్నారు. పంతొమ్మిదో ఇంట్లోనూ అదే మాట. పద్దెనిమిదిలో ముసలాయన, వస్తానని మోసం చేసింది, టీ మూడుసార్లు కాచాం అన్నాడు. పదిహేడు, పదహారు. దారి జారుతోంది, కంచెలు పట్టుకుని దిగాను. పదిహేనో ఇంటతను గుమ్మంలో మంచు తవ్వుతున్నాడు. పార ఆపి, రాలేదు అపా, మధ్యాహ్నం నుంచి ఇంట్లోనే ఉన్నాను అన్నాడు. ఆ తర్వాత నా నడక చూసి పార పడేసి వెంట వచ్చాడు.

సాయ్కల్ పొగగొట్టంలోంచి పొగ రావడం లేదు. తలుపు అతను తోశాడు. లోపలినుంచి వేడి ముఖానికి కొట్టింది. ఆ ఇంట్లో అంత వేడి నేను ఎప్పుడూ ఎరగను.

సాయ్కల్ పొయ్యి దగ్గర పక్కకి ఒరిగి పడుంది. తుర్సునాయ్ మడతపెట్టిన బొంతలకి వీపు ఆనించి కూర్చుని ఉంది, గడ్డం ఛాతీ మీదికి వాలింది. ముందు బల్లగుడ్డ పరిచి ఉంది, రొట్టె తుంచి ఉంది, టీ గిన్నెలో సగం ఉంది. కాళ్ళకి నేను తోసిన మేజోళ్ళు ఉన్నాయి. జేబుల్లో మూడు ఫోన్లూ వెలుగుతున్నాయి.

అతను కిటికీ పగలగొట్టి వాళ్ళిద్దర్నీ మంచులోకి లాగాడు. నేను నల్ల దారం తొడుగులోంచి ఒంటెని లాగి అంబులెన్సు నంబరు నొక్కాను. అది నా మాట వినలేదు. నేను నొక్కుతుంటే దాని తెర మీద ఆ యంత్రం నంబరే పడుతోంది, ఒంటె దాన్నే పిలుస్తోంది. కలవలేదు, కలవలేదు అని రాసుకుంటోంది. అతను గట్టు మీదికి పరుగెత్తాడు.

బొగ్గు కాల్చుకునే ప్రతి ఇంట్లోనూ ఆ సంగతి తెలుసు. నిప్పుల మీద నీలి మంట ఆడుతున్నంతసేపూ పొగగొట్టం రేకు మూయకూడదు, మూస్తే విషవాయువు ఇంట్లోనే నిలిచిపోతుంది. నీలి మంట పూర్తిగా ఆరాకే మూసి వేడిని లోపల పట్టుకోవాలి. సాయ్కల్‌కి డెబ్భై ఏళ్ళుగా తెలుసు. కానీ ఆమె అన్నాళ్ళూ కాల్చింది బొగ్గు పొడి. పొడి తొందరగా ఆరుతుంది. గడ్డ బొగ్గు గంటల తరబడి నీలంగా మండుతుంది. పైగా ఇంటికొచ్చే పిల్ల చలిలో వస్తోంది. మాలో ఏ ఆడదీ వచ్చినవాళ్ళని వేడి బయటికి పోతున్న ఇంట్లో కూర్చోబెట్టదు. ఆమె రేకు మూసింది. ఆ వాయువుకి వాసన ఉండదు. నిద్ర వస్తుంది, అంతే. మంచులో ఆరు గంటలు నడిచినవాళ్ళకి వెచ్చని ఇంట్లో నిద్ర రావడం వింతగా కూడా అనిపించదు.

ఇద్దర్నీ ఆ ఇంటి నుంచే ఆస్పత్రి శవాల గదికి తీసుకుపోయారు. అక్కణ్ణించి తుర్సునాయ్‌ని నేరుగా కోచ్‌కోర్ దగ్గర ఆమె తండ్రి పల్లెకి తీసుకుపోయాం. మగవాళ్ళు ఆమెని తండ్రి సమాధి పక్కన పూడ్చిపెట్టారు.

ఏడో రోజు అయ్యాక షార్షెన్ వచ్చాడు. టోపీ తీసి ఒళ్ళో పెట్టుకుని, మీకు ఇవ్వొచ్చో లేదో తెలీదు, ఇవ్వకపోతే నాకు తిండి దిగడం లేదు అని కాగితాల కట్ట ఇచ్చాడు. ఆ దస్త్రాన్ని ఆయనే అచ్చు తీయించాడు. నేను చదవలేను అన్నాడు. నాకు రాకపోయినా నేర్చుకుంటానన్నాను. మొదటి గడిలో సమయం, రెండో గడిలో ఏ ఫోను, మూడో గడిలో కలిసిందా లేదా, నాలుగో గడిలో మార్కులు. అన్ని పుస్తకాలూ అలాగే నేర్చుకున్నాను, ఇదీ రెండు రోజుల్లో వచ్చింది.

మొదటి ఇల్లు, మూడూ కలవలేదు. రెండో ఇల్లు, మూడూ కలవలేదు. పేజీల తరబడి అంతే. ఆమె చెప్పింది నిజమేనని అక్షరాలా ఉంది. పదమూడు యాభై రెండుకి పద్నాలుగో ఇల్లు మొదలైంది. పద్నాలుగు సున్నా రెండుకి పది నిమిషాలూ పూర్తయ్యాయని ఆమె వేలితో నొక్కింది. నియమం ప్రకారం అక్కడితో ఆ ఇంట్లో పని అయిపోయింది. లేచి వెళ్ళొచ్చు. పద్నాలుగు సున్నా మూడుకి ఆమె ఒక మాట రాసింది. విరామం. అది నాకిచ్చిన మాట.

ఆ తర్వాత ఆమె ఏమీ రాయలేదు. ఫోన్లు మాత్రం రెండు నిమిషాలకోసారి పిలుస్తూనే ఉన్నాయి. గుర్రం కలవలేదు, ఒంటె కలవలేదు, గొర్రె కలవలేదు. పదిహేను ఇరవై ఆరుకి ఒంటె ఒక్కసారి కలిసింది. నలభై సెకన్లు. ఆ ఇంట్లో ఆ నలభై సెకన్లూ ఎవరో మగ గొంతు, ఎవరో ఆడ గొంతు తమ వాక్యాలు చదివాయి. మార్కులు రెండు పాయింట్ మూడు. తర్వాత తెగింది. ఆ సమయానికి నేను ఇంట్లో నూడిల్స్ తరుగుతున్నాను.

కాగితాలు తీసుకుని ఊళ్ళోకి, మెలిస్ ఒరొజోవిచ్ దగ్గరికి వెళ్ళాను. ఆయన లేచి కుర్చీ వేశాడు. మంచినీళ్ళు తెప్పించాడు. ఫిబ్రవరి నెలాఖరుకి ఇంకా నాలుగు రోజులుంది. పద్నాలుగు ఇళ్ళు పూర్తయ్యాయి, అవైనా కలపండి అన్నాను. ఇరవై కావాలి అన్నాడు. మిగిలిన ఆరూ ఇంకెవర్నైనా పంపి కొలిపించండి అన్నాను. ఒకే రోజు, ఒకే దస్త్రం అన్నాడు. పైగా ఆ దస్త్రం మూయలేదు, మూయని దానికి సంతకం ఉండదు, సంతకం లేనిది పైకి పంపితే వాళ్ళు తిప్పి పంపుతారు, నా చేతిలో లేదు అన్నాడు. నీళ్ళ గ్లాసు నా వైపు జరిపాడు. నేను దానికి కరగలేదు.

"సంతకం నేను పెడతాను. నేను దాని తల్లిని."

ఆయన కాగితాలు చివరి పుట దాకా తిప్పాడు.

"అపా, అందులో తల్లికి గడి లేదు."

"అయితే మీరు పెట్టండి."

"నేను ఆ ఇళ్ళలో నిలబడలేదు."

 నీళ్ళు తాగి వచ్చేశాను.

నివేదిక ఏప్రిల్‌లో వచ్చింది. షార్షెన్ ఒక ప్రతి తెచ్చి ఇచ్చాడు. నగరంలో గుర్రం మొదటిది, ఒంటె రెండోది, వాటి మధ్య తేడా ఒక శాతం కూడా లేదు. గొర్రె కాస్త వెనక. గుర్రం వాళ్ళు ఆ సంగతిని పెద్ద బొమ్మగా వేయించి బస్సుల మీద అంటించుకున్నారు. చివర్లో కలిపిన పుటల్లో తెరెన్-సాయ్ లేదు. పటంలో గట్టు మీది రోడ్డు వెంట పచ్చ చుక్కలున్నాయి. స్తంభం పడలేదు. ఇప్పటికీ మేం ఫోను చెయ్యాలంటే గట్టెక్కుతాం. నాకు మోకాళ్ళు పట్టేశాయి, నేను ఎక్కడం మానేశాను.

సాయ్కల్ ఇంటిని ఆమె మేనల్లుడు వచ్చి పడగొట్టి, తలుపులూ కిటికీ చట్రాలూ బండి మీద వేసుకుపోయాడు.

నా కూతురు తుర్సునాయ్ 2017 ఫిబ్రవరి 12, ఆదివారం ఉదయం ఎనిమిదింపావుకి ఇంట్లోంచి వెళ్ళింది. అప్పటికి ఆమెకి ముప్పై నాలుగేళ్ళు. తిరిగి రాలేదు.